తేదీ లేని రెండు రాళ్లు

మా నాయన వాడిన సుత్తి మీద, నా చేతిలో అరిగిపోయిన ఉలి మీద, ఇప్పటిదాకా నేను కళ్లు తెరిపించిన దేవుళ్లందరి మీద ఒట్టు. ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. ఇంత పెద్ద ఒట్టు ఎందుకంటే, ఆళ్లగడ్డలో నన్నెరిగినవాళ్లు నా మాటను నాలుగుతో భాగించి వింటారు. నేను చెక్కుతున్న వినాయకుడు ఒకసారి తుమ్మాడని చెప్పాను. ఆ మాట టీ అంగళ్లలో ఇప్పటికీ తిరుగుతోంది. తుమ్మిన మాట నిజమే, ఆ రోజు దుమ్ము ఎక్కువైంది. అది వేరే సంగతి. ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం సాక్ష్యం రాళ్ల మీదే ఉంది. అనుమానం ఉన్నవాళ్లు వచ్చి చదువుకోవచ్చు.

రెండేళ్ల కిందటి ఎండాకాలం. ఆళ్లగడ్డ నుంచి చాగలమర్రి వైపు పోయే రోడ్డు పక్కన నా శిల్పశాల. శిల్పశాల అనగానే పెద్దగా ఊహించుకోకండి. రెండు రేకుల షెడ్లు, ఒక గ్రైండరు, ఒక కంప్రెషరు, తలలు వచ్చి ఇంకా చేతులు రాని దేవుళ్లు నలుగురైదుగురు. మా ఊరి శిల్పులంటే అందరూ గుడి విగ్రహాలే అనుకుంటారు. మా ఇంట్లో అన్నం ఉడికించేవి నిజానికి మూడు పనులు: దేవుళ్లు, శిలాఫలకాలు, సమాధి రాళ్లు. దేవుడికి భక్తి కావాలి, సమాధికి ఓపిక కావాలి, శిలాఫలకానికి అనుమానం కావాలి.

అనుమానం ఎందుకంటే శంకుస్థాపన అనుకున్న రోజున జరగదు. ఒకసారి ఒక బస్సు షెల్టరుకు ఫలకం చేశాను. వచ్చే పెద్దాయన మూడుసార్లు తేదీ మార్చాడు. మార్చినప్పుడల్లా రాయి మొహం గ్రైండరుతో అరగదీసి మళ్లీ చెక్కాను. చివరికి ఆ ఫలకం అప్పడమంత పలచనైపోయి, మైకులో ఆయన దగ్గగానే నిలువునా చీలింది. అప్పటినుంచి నాదొక నియమం. పేర్లన్నీ శాండ్ బ్లాస్టింగులో కొట్టేస్తాను. అంటే అక్షరాలు కత్తిరించిన రబ్బరు షీటును రాయికి అతికించి, కంప్రెషరు గాలితో ఇసుకను చిమ్మించడం. తేదీ చోటు మాత్రం నున్నగా, ఖాళీగా వదిలేస్తాను. ఫలకం నిలబెట్టాక, పెద్దాయన కారు బయల్దేరిందని ఫోను వచ్చాక, అక్కడే కూర్చుని ఉలితో తేదీ చెక్కుతాను.

సమాధి రాళ్లకూ ఇదే నియమం, కారణం వేరు. కొందరు బతికుండగానే తమ రాయి తామే చెక్కించుకుంటారు. అప్పుడు పేరు చెక్కి, తేదీకి చోటు వదులుతాను. మా పనిలో తేదీ ఎప్పుడూ చివరే. ఈ కథంతా ఆ ఖాళీ చోటు మీద నిలబడింది.

ఆ ఎండాకాలం మా ప్రాంతానికి టెలిస్కోపు వస్తోందని కబురు వచ్చింది. చేత్తో పట్టుకుని చూసేది కాదు, కొండ మీద కట్టేది. దాని అద్దం ఒక్కటే నా రెండు షెడ్లంత ఉంటుందట. శాస్త్రవేత్తలు రెండు చోట్లు చూసిపోయారు: నంద్యాల వైపు ఒక కొండ, మా వైపు బోడిగుట్ట. అంతే, నంద్యాలలో ఒక టెలిస్కోపు సాధన సమితి పుట్టింది, ఆళ్లగడ్డలో ఇంకొకటి పుట్టింది. వాళ్లు రిలే నిరాహార దీక్ష మొదలుపెడితే మేము బంద్ చేశాం. వాళ్లు మానవహారం కడితే మేము మోటారు సైకిళ్ల ర్యాలీ తీశాం. రెండు సమితుల్లోనూ వాన కోసం తప్ప ఆకాశం వైపు తలెత్తి చూసిన మనిషి ఒక్కడూ లేడు. మా బస్టాండులో ఒక ఆటో అతను ప్రయాణికులకు చెప్పడం నా చెవులతో విన్నాను: "దాంట్లోంచి చూస్తే నంద్యాలోళ్లు ఈ పూట ఏం కూర చేసుకున్యారో కనపడ్తాదంటప్పా. అందుకే వాళ్లకు అంత కడుపుమంట."

మా సమితికి అధ్యక్షుడు మద్దిలేటి. ప్లాట్ల వ్యాపారం. బోడిగుట్టకు పోయే దారిలో అప్పటికే వెంచరు వేసి, 'టెలిస్కోప్ వ్యూ సిటీ' అని బోర్డు పెట్టేశాడు. ఒక పొద్దున బుల్లెట్ మీద వచ్చి నా షెడ్డు ముందు ఆగాడు.

"ఆచారన్నా, నల్ల గ్రానైటు, ఆరడుగులు. పదహారు పేర్లు. అందరికంటే కింద నా పేరు, అధ్యక్షుడు అని. వచ్చే వారం శంకుస్థాపన."

"స్థలం ఇంగా ఖరారు కాలేదంటగదప్పా?"

"శంకుస్థాపన అయిపోతే అదే ఖరారు. పెద్దాయనొచ్చి కొబ్బరికాయ కొట్టినాక ఈ రాయిని ఎవురన్నా పీకుతారా? ముందు ఎవురు రాయి పాతితే టెలిస్కోపు వాళ్లది. నంద్యాలోళ్లు ఇంగా దీక్షలో పండుకోని ఉండారు. మనం రాయి పాతేద్దాం."

సరే అన్నాను. ఊరికి మంచిదే కదా అని నిజంగానే అనుకున్నాను.

మూడో రోజు ఒక ముసలామె ఆటో దిగి నేరుగా నా ముందుకొచ్చింది. ఎలిశమ్మ. బోడిగుట్ట కిందనున్న దిగువపేట ఆమె ఊరు. బడిలో పిల్లలకు చానా ఏళ్లు వంట చేసి మానేసిన మనిషి. నన్ను పైనుంచి కిందకి చూసింది.

"నువ్వేనా అబద్ధాలు బాగా చెప్పే ఆచారి?"

"ఎవురు చెప్పినారమ్మా?"

"అందరూ. అందుకే వచ్చినా. నాకు నిజం చెక్కేటోడు కావల్ల. అబద్ధం యాడ దూరుతాదో తెలిసినోడైతే దాన్ని తప్పించి చెక్కుతాడు."

నన్ను అంత మర్యాదగా తిట్టినవాళ్లు అంతకు ముందు లేరు. కుర్చీ వేశాను. కొంగులోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. రెవెన్యూ వాళ్ల నోటీసు. బోడిగుట్ట రికార్డుల్లో 'గుట్ట పోరంబోకు', అంటే ఎవరికీ చెందని ప్రభుత్వ భూమి. గుట్ట మీదికి రోడ్డు వేయడానికి ముందు జాయింట్ ఇన్‌స్పెక్షన్ జరుగుతుంది. రెవెన్యూ, సర్వే, ప్రాజెక్టు వాళ్లు ముగ్గురూ కలిసి వచ్చి, అక్కడ ఏముందో చూసి రాసుకుంటారు. ఏమీ లేదని రాస్తే మర్నాడే జేసీబీ. అభ్యంతరాలుంటే ఆ రోజున చూపించాలి. తేదీ చూశాను. మద్దిలేటి చెప్పిన శంకుస్థాపన రోజూ అదే.

"ఆ రోడ్డు పడే ఏటవాలు మా సమాధుల తోట," అంది ఎలిశమ్మ. "మా పేటలో ఎవురు పోయినా ఆడనే పెట్టేది. మా మామ ఉండాడు, మా ఆయన యేసోబు ఉండాడు, నా పెద్దబిడ్డ ఉంది. ఈస్టరు పొద్దున అందరం పోయి సున్నం కొట్టి, పూలు పెట్టి పాడుకోనొస్తాం."

"మరి ఆ మాట సర్వేయరుకు చెప్పల్లేదా?"

"చెప్పినాం. రాళ్ల మీద పేర్లు యాడ ఉండాయి అన్యాడు. పేర్లు లేకుంటే సమాధి రాయికీ, చేని గట్టు మీద బండకూ తేడా ఏమని రాయల్ల అన్యాడు. అప్పట్లో మా పేటలో అక్షరం వచ్చినోళ్లు ఎవురుండారప్పా? ఒక్కొక్కరికి ఒక్కో నాపబండ తెచ్చి నాటినాం. యా రాయి ఎవురిదో మాకు తెలుసు. ఇంగెవురికి తెలియల్ల అనుకున్యాం."

నాపరాయి అంటే మా కోయిలకుంట్ల వైపు భూమిలోంచి పలకలు పలకలుగా తీసే బూడిదరంగు రాయి. ఇంటి అరుగులకూ, చేల గట్లకూ, మా సీమలో అన్నింటికీ అదే.

"ఎన్ని రాళ్లు?"

"నాకు తెలిసినంత మటుకు ఎనబై ఏడు."

"రోజులు ఎన్నున్నాయో చూసినావా అమ్మా?"

"నువ్వు చూసుకో. చెక్కేది నువ్వు."

ఇక్కడ నా వృత్తి రహస్యం ఒకటి బయటపెట్టాలి. కొత్త రాతిని పాతదిగా చేయడం నాకు బాగా వచ్చు. చింతపండు నీళ్లు, టీ డికాషను, పేడ కలిపి పూసి, తడి మట్టిలో నాలుగు రోజులు కప్పెడితే నిన్నటి అక్షరం నాయనమ్మ కాలం నాటిదిగా కనిపిస్తుంది. ఒక ఫామ్‌హౌస్ ఆసామికి నేను చేసిన నంది వాళ్ల ఇంటికొచ్చే చుట్టాలందరి దృష్టిలో రాజుల కాలం నాటిది. ఎలిశమ్మకు ధైర్యం చెబుదామని ఆ మాటే అన్నాను. పేర్లతో పాటు చనిపోయిన సంవత్సరాలు ఊహించి వేసేద్దాం, పైన డికాషను పూద్దాం, ఏ సర్వేయరూ కనిపెట్టలేడు.

ఆమె కుర్చీలోంచి లేచింది.

"మా ఆయన రాయి మీద టీనీళ్లు పూస్తావా?"

"కాదమ్మా, పాతగా కనపడాలని..."

"పాతయ్యే గదప్పా. పాతదాన్ని పాతగా కనపరచేకి నీ టీనీళ్లు యాల? పేరు ఈ పొద్దు చెక్కినామని రాయి. మీరు ఈ ఏడు అడిగినారు, మేము ఈ ఏడు రాసినాం. మాకేం సిగ్గా?"

నలభై ఏళ్లుగా రాళ్ల మధ్య బతుకుతున్నాను. అంత గట్టి రాయి నాకు తగల్లేదు.

మర్నాటి పొద్దున్నే ఉలులు మూటగట్టుకుని బోడిగుట్టకు పోయాను. నాపరాయిని శాండ్ బ్లాస్టింగు చేయలేం. అది పొరలు పొరలుగా ఉంటుంది. గాలి ఒత్తిడికి పొర లేచి అక్షరంతో సహా ఊడిపోతుంది. సన్న ఉలితో, పిచ్చుక పొడిచినంత మెల్లగా, చేత్తోనే చెక్కాలి. మా పక్క షెడ్ల శిల్పులు ఇద్దరు కూడా వచ్చారు. ఒకరు పేరు గీస్తే ఇద్దరు చెక్కేలా పంచుకున్నాం. ఎలిశమ్మ వరసల మధ్య నడుస్తూ పేర్లు చెప్పేది. ఒక్కసారీ తడుముకోలేదు.

"ఈయప్ప దానియేలు, మా మామ. కయ్యానికి మొనగాడు. ఇది మార్తమ్మ, కాన్పులు చేస్తాండె. మా పేటలో సగం మంది ఆమె చేతిలో పడినోళ్లే. ఇది లూదియా. ఈమెకూ మార్తమ్మకూ మాటల్లేవు, చూడకుండా పక్కపక్కన పెట్టినారు, పాపం."

ప్రతి రాయికీ పేరు, పేరు కింద చిన్న అక్షరాల్లో 'ఈ పేరు చెక్కించినది దిగువపేట వారు' అని, దాని కింద ఆ రోజు తేదీ. రెండో వరస చివర ఒక మూరెడు రాయి దగ్గర ఆమె ఆగింది.

"ఇది నా పెద్దబిడ్డది. పేరు పెట్టేకి ముందే పోయింది."

ఏం చెక్కమంటావని అడిగాను.

"ఎలిశమ్మ బిడ్డ అని చెక్కు," అంది. "అదే పేరు."

ఎనభై ఏడింటిలో ఆ ఒక్క రాయికే ఎక్కువ పొద్దు పట్టింది. పని కష్టమై కాదు.

ఇన్‌స్పెక్షన్‌కు ఇంకో నాలుగు రోజులు ఉన్నాయనగా శాస్త్రవేత్త మేడమ్ ఒకామె జీపులో వచ్చింది. గుట్ట పైన ఏవో పరికరాలు చూసుకుని దిగుతూ, ఉలుల చప్పుడు విని మా దగ్గర ఆగింది. తెలుగు బాగానే మాట్లాడింది. ఎలిశమ్మ ఆమెను చెట్టు నీడలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి అడిగింది:

"ఇన్ని కొండలుండంగా మా గుట్టే యాల పట్టుకున్యారమ్మా?"

"అద్దం కింద నేల కదలకూడదమ్మా. వెంట్రుకంత కూడా. దూరంగా లారీ పోయినా అదరకూడదు. అలాంటి కదలని చోటు దొరకడం కష్టం."

"కదలకుండా ఉండేటోళ్లు ఈడ ముందే ఉండారు గదమ్మా. మా తాతల కాడ్నుంచి ఒక్కరూ కదల్లేదు. మీరొచ్చి కదిలిస్తామంటే ఎట్ల?"

మేడమ్ నవ్వలేదు. లేచి, చెక్కడం అయిపోయిన వరసలన్నీ చదువుకుంటూ నడిచింది. ఆ మూరెడు రాయి దగ్గర కూర్చుని చదివింది.

"గుట్ట ఖాళీ అని నాకు కాగితం ఇచ్చారు," అంది తిరిగొచ్చి. "మీరు టెలిస్కోపు వద్దంటారా?"

"వద్దని యాల అంటాం? చూడండి, బాగా చూడండి. మా మీద నిలబడి చూడొద్దండి, అంతే."

ఆ సంగతి మద్దిలేటికి ఎవరు చేరవేశారో, సాయంత్రానికల్లా బుల్లెట్ నా షెడ్డు ముందుంది. అతను బండి కూడా దిగలేదు.

"ఏందీ ఆచారన్నా, ఈ పక్క మా ఫలకం చెక్కుతాండావ్, ఆ పక్క వాళ్లకు పేర్లు చెక్కుతాండావ్?"

"ఫలకం అయిపోయిందప్పా. తేదీ ఒక్కటే బాకీ."

"నువ్వు ఊరి పక్కనా, వాళ్ల పక్కనా? నంద్యాలోళ్లు ఏమన్నా పంపించినారా నిన్ను?"

"దిగువపేట మన ఊరు కాదా? నంద్యాలలో కలిసిందా యాడన్నా?"

"శ్మశానం కోసం టెలిస్కోపు పోగొడ్తారంటప్పా ఎవురన్నా! రేపట్నుంచి ఆళ్లగడ్డలో ఒక్క ఫలకం నీకు రాదు. చూస్తాండు."

"రాకుంటే దేవుళ్లుండారు. వాళ్లు తేదీలు మార్చరు."

బుల్లెట్ పొగ నా మొహాన కొట్టి వెళ్లిపోయాడు. పోతూ పోతూ, ఇన్‌స్పెక్షన్ రోజు పొద్దున ఎనిమిదికల్లా ఫలకం గుట్ట దగ్గర ఉండాలని మాత్రం చెప్పి పోయాడు. కోపం కోపమే, ఫలకం ఫలకమే.

ఇన్‌స్పెక్షన్‌కు ముందు రోజున ఎలిశమ్మ ఇంకో రాయి అడిగింది. తనది.

"మా ఆయన పక్కన ఒక తావు ఖాళీ ఉండాది. అది నాది. దాన్ని గూడా రాసుకోమను వాళ్లను. లేకుంటే ఖాళీ ఉందని ఆడ కరెంటు స్తంభం నాటుతారు."

మంచి నాపబండ ఒకటి షెడ్డులోనే చెక్కాను. ఎలిశమ్మ, యేసోబు భార్య. తేదీకి చోటు వదిలాను. ఆ విధంగా ఆ రాత్రికి నా షెడ్డులో తేదీ లేని రాళ్లు రెండు గోడకు ఆనుకుని నిలబడ్డాయి. ఒకటి ఆరడుగుల నల్ల గ్రానైటు, పదహారు పేర్లు. ఒకటి రెండడుగుల నాపబండ, ఒక్క పేరు.

ఇక అసలు రోజు. రెండు రాళ్లనూ ఒకే ట్రాక్టరులో ఎక్కించాను. గుట్ట కింద మద్దిలేటి వేయించిన షామియానా, కుర్చీలు, మైకు. మద్దిలేటి మైకు అతనితో తగువులో మునిగి ఉన్నాడు. పక్క ఏటవాలులో సమాధులు. కూలీలకు చెప్పాను: నల్లది షామియానా దగ్గర, బూడిదది చివరి వరసలో. చెప్పి, నీళ్లు తాగడానికి చెట్టు కిందికి పోయాను. వచ్చేసరికి కూలీలు పొరపాటున రెండింటినీ ఒకే వరసలో నాటేశారు. యేసోబు రాయి, దాని పక్కన ఎలిశమ్మ రాయి, దాని పక్కన, ఆవిష్కరణ కోసం పసుపు గుడ్డ కప్పుకుని, శంకుస్థాపన ఫలకం. తీయించేలోపు జీపులు వచ్చేశాయి.

తహసీల్దారు ముందు, సర్వేయరు వెనక, పక్కన మేడమ్. తహసీల్దారు మొదటి రాయి ముందు వంగి చూసి మొహం చిట్లించాడు.

"అక్షరాలన్నీ కొత్తవి. నిన్న మొన్న చెక్కినవి. దీన్ని సాక్ష్యమని ఎలా రాసుకుంటాం?"

"అవును సార్, కొత్తవే," అంది ఎలిశమ్మ. "తేదీ గూడా వేసినాం, చూడండి."

అప్పుడు నాకు తట్టింది. నేను శిల్పిని కదా, చూస్తూ ఊరుకుంటానేమిటి!

"సార్, అక్షరం లోపల చూడండి, తెల్లగా ఉంది. ఆ తెలుపు వారం నాటిది. అక్షరం బయట రాయిని చూడండి, నల్లగా, బూజు పట్టి, గరుకుగా. నాపరాయి తెలుపు ఆ రంగుకు రావాలంటే ఎన్ని ఎండలు, ఎన్ని వానలు కావాలి? కింద చూడండి, సగం రాయి మట్టిలో దిగిపోయింది. నిన్న నాటిన రాయి అయితే దిగుతుందా? కొత్త అక్షరమే పాత రాయికి సాక్ష్యం."

సర్వేయరు గోటితో అక్షరాన్ని గీకాడు. తర్వాత పక్కన గీకాడు. మళ్లీ అక్షరాన్ని గీకాడు. పుస్తకం తెరిచాడు. నేను డికాషను పూసి ఉంటే ఆ తేడా పోయేది. ఎనభై ఏడు సాక్ష్యాలను నా చేత్తో నేనే చెరిపేసి ఉండేవాణ్ణి. ఆ సంగతి నాకు ఆ క్షణంలో తెలిసింది. టీనీళ్లు వద్దన్నప్పుడే ఎలిశమ్మకు తెలుసో లేదో ఇప్పటికీ అడగలేదు.

లెక్క మొదలైంది. సర్వేయరు పేరు చదవడం, ఎలిశమ్మ చెప్పడం.

"దానియేలు?"

"మా మామ."

"మార్తమ్మ?"

"మంత్రసాని."

"ఎలిశమ్మ బిడ్డ?"

ఆమె వంగి ఆ రాయి మీది దుమ్మును కొంగుతో తుడిచింది. సర్వేయరు తలెత్తి చూసి, మళ్లీ అడగకుండా రాసుకున్నాడు.

చివరి వరస వచ్చింది. "యేసోబు. తర్వాత, ఎలిశమ్మ. మరణించిన తేదీ ఖాళీగా ఉంది. ఈమె ఎప్పుడు చనిపోయింది?"

"ఇంగా లేదు సార్. తీరిక దొరకలే."

పేట జనం నవ్వారు. సర్వేయరు కూడా నవ్వుతూ, అదే ఊపులో పక్క రాయి మీది పసుపు గుడ్డ తొలగించి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. "గౌరవనీయులు..." అని ఒక పేరు, దాని కింద ఇంకో పేరు, ఇంకో పేరు. ఐదో పేరు దగ్గర గొంతు నెమ్మదించింది. పదహారో పేరు దగ్గర పూర్తిగా ఆగిపోయింది. అప్పటికే అలవాటైన నోరు ఇంకో మాట అనేసింది:

"తేదీ ఖాళీ."

ఎలిశమ్మ తాపీగా చెప్పింది: "ఆయప్పలను నేనెరగను సార్. మా వరసలోకి ఎవురు రమ్మన్యారో ఏమో. వచ్చినారు గదా, ఉండనీండి. చోటుకేం తక్కువ లేదు."

గుట్ట మొత్తం నవ్వింది. మేడమ్ మొహం అటు తిప్పుకుంది గానీ భుజాలు కదులుతున్నాయి. ఫోన్లన్నీ పైకి లేచాయి. షామియానా నుంచి మద్దిలేటి పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఫలకంలో అడుగున తన పేరు చూసుకున్నాడు, పక్కన ఎలిశమ్మ రాయి చూశాడు.

"రేయ్ ఆచారీ! బతికుండంగానే పూడిస్తివి గదరా నన్ను!"

"కూలీల పొరపాటప్పా. పీకించి షామియానా కాడ పెట్టిస్తాలే. ఉలి తెచ్చినా, తేదీ వేసేదా?"

"వేయొద్దు!" అని అరిచాడు. రెండు చేతులూ ఫలకం ఖాళీ చోటు మీద అడ్డం పెట్టి నిలబడ్డాడు. ఆ ఫోటో నంద్యాల, సంజామల, ఉయ్యాలవాడ, అన్ని ఫోన్లకూ పోయింది. పెద్దాయన కారుకు కూడా పోయినట్టుంది. గుట్ట మలుపు దాకా వచ్చిన కారు అద్దం దించకుండానే వెనక్కి తిరిగింది. ఫలకం మీద తేదీ చెక్కమని అడిగే ధైర్యం పదహారు మందిలో ఒక్కరికీ లేకపోయింది. ఆ వరసలో ఖాళీ తేదీకి ఒకటే అర్థం మరి.

మద్దిలేటి ఇంకో ఫలకం కోసం ఊళ్లోని శిల్పుల షెడ్లన్నీ తిరిగాడు. చిత్రంగా ఆ వారం ఆళ్లగడ్డలో ఉన్న కంప్రెషర్లన్నీ ఒకేసారి చెడిపోయాయి. నమ్మరా? ఒట్టు పైనే వేశాను.

ఈలోగా ఇన్‌స్పెక్షన్ కాగితం పైకి వెళ్లింది. ఎనభై ఏడు సమాధులు, ఒక ఖాళీ స్థలం, దాని యజమాని సజీవం, అని సర్వేయరు రాశాడు. మేడమ్ కూడా తన వైపు నుంచి ఏదో రాసిందని విన్నాను. ఆ ఏటవాలు ఇప్పుడు రికార్డుల్లో శ్మశానం. రోడ్డు అటు రాదు. బోడిగుట్ట జాబితాలోంచి పోయిందని తెలిసిన రోజున నంద్యాలలో టపాసులు కాల్చారు. తర్వాత వాళ్ల కొండ కింద కూడా ఎవరో నోటీసు పట్టుకుని నిలబడ్డారట. టెలిస్కోపు ఎక్కడో ఇంకా తేలలేదు. తేలాలనే నా కోరిక. కింద ఉన్నవాళ్లను ఒక్క మాట అడగకుండా ఏ కొండ ఎక్కినా సరే, అక్కడికి ఉలి పట్టుకుని నేనొస్తాను.

మద్దిలేటి అన్నంత పనీ చేశాడు. శిలాఫలకాల పని నాకు రావడం లేదు. ఆ నల్ల ఫలకాన్ని తీసుకుపొమ్మని కబురు పంపితే ఎవరూ రాలేదు. షెడ్డు ముందే నిలబెట్టాను. పదహారు పేర్లూ రోడ్డు మీద పోయేవాళ్లకు కనపడతాయి. దారిన పోయే కార్లు కొన్ని దాని దగ్గరకొచ్చేసరికి వేగం పెంచుతాయి.

ఈ సంగతి నాకేం నేర్పిందంటారా? రాయికి రంగు పూసి నమ్మించడం చేతనైన పని. రాయి తనంతట తను చెప్పేదాన్ని చెప్పనివ్వడం నాకు అప్పటిదాకా చేతకాలేదు. ఇప్పుడు నా షెడ్డులో డికాషను తాగడానికే కాస్తున్నాం.

చివరిగా ఆ ఒట్టు సంగతి. ఇన్‌స్పెక్షన్ అయ్యాక జనం కిందికి దిగుతుంటే ఎలిశమ్మ నల్ల ఫలకం ముందు కాసేపు నిలబడింది. వంగి, దాని అడుగున చూసింది. నేను రాయి నిలబెట్టేటప్పుడు కింద మూడు చిప్పరాళ్లు, అంటే పలచటి రాతి పెచ్చులు, పెట్టి, మట్టం బద్దతో నాలుగు వైపులా చూసుకుంటాను. మా నాయన నేర్పిన అలవాటు.

"కూలోళ్లు పొరపాటున పెట్టిన రాయి ఇంత మట్టంగా నిలబడిందే, ఆచారీ," అంది.

నేను సుత్తి తుడుచుకోవడం మొదలుపెట్టాను.

"అబద్ధం తప్పించి చెక్కమంటి గదప్పా నిన్ను," అని మాత్రం అని, కిందికి దిగిపోయింది.

కాబట్టి ఒప్పుకుంటున్నాను. ఇందులో నేను కల్పించింది ఒక్క మాట: పొరపాటు. కూలీలు నల్ల రాయిని షామియానా దగ్గరే దించారు. సమాధుల వరసలోకి మోయమన్నది నేను. వద్దప్పా, కొంప మునుగుతాదని వాళ్లు చెప్పారు. మోయించాను. గుంత నేను చూపించాను, చిప్పరాళ్లు నేను పెట్టాను, మట్టం నేను చూశాను. పసుపు గుడ్డ మళ్లీ సరిగ్గా కప్పింది కూడా నేనే. నీళ్లు తాగడానికి పోలేదు. ఆ రోజు నాకు దాహం లేదు.

ఇది రాసినందుకు ఆ పదహారు మందిలో ఎవరికైనా కోపం వస్తే చాగలమర్రి రోడ్డు పక్కనే ఉన్నాను. ఫలకం అక్కడే ఉంది. ఉలి పదును పెట్టే ఉంచాను. తేదీ చెప్పండి, చెక్కేస్తాను.